పుట్టింటి ఆస్తిలో సంతకం: చట్టం సమానమన్నాక కూడా అక్కచెల్లెళ్లే ఎందుకు వదులుకోవాలి?

ప్రశ్న: ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా

నమస్కారం. నా వయసు నలభై ఆరేళ్లు. ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. రాజ్యాంగం పాఠం వచ్చినప్పుడల్లా 14, 15 అధికరణాలను బోర్డు మీద రాసి, తండ్రి ఆస్తిలో ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సమాన హక్కు ఉందని పిల్లలకు ఏటా చెబుతూనే ఉన్నాను. తీరా అది నా దాకా వచ్చేసరికి నోరు పెగలడం లేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

మా నాన్నగారు 2023 చివర్లో కాలం చేశారు. వీలునామా రాయలేదు. తాతగారి నుంచి వచ్చిన మూడెకరాలు, నాన్నగారు తన సంపాదనతో 1991లో కొన్న రెండెకరాలు, ఊళ్లో ఒక పెంకుటిల్లు ఉన్నాయి. అమ్మ, అక్క, నేను, తమ్ముడు వారసులం. సంవత్సరీకం రోజున, బంతి భోజనాలు ముగిసి ఇంకా విస్తళ్లు కూడా ఎత్తకముందే, తమ్ముడు ఒక కవరులోంచి కాగితాలు తీసి అక్క ముందూ నా ముందూ పెట్టాడు. అవి హక్కు విడుదల దస్తావేజు ముసాయిదాలు, అంటే మా వాటాలు తమ్ముడికి వదులుకుంటున్నామని రాసిచ్చే కాగితాలు. వచ్చే వారం రిజిస్ట్రేషన్ పెట్టుకున్నానని, ఆధార్ కార్డులు తెచ్చుకుంటే చాలునని అన్నాడు. అక్క కళ్లజోడు కూడా పెట్టుకోకుండా "ఎక్కడ పెట్టాలిరా?" అని పెన్ను అడిగింది. ఒకసారి చదివి చెబుతానని నేను అన్నాను. ఎవరూ కోప్పడలేదు. తమ్ముడు కాగితాలు మడిచి కవరులో పెట్టుకుని వాకిట్లోకి వెళ్లిపోయాడు. అమ్మ మాత్రం నా పక్కన కూర్చుని, "తోడబుట్టినవాడి దగ్గర లెక్కలేంటమ్మా, రేపు నీకు ఒడిబియ్యం పోసేది వాడే కదా" అంది.

ఆనాటి నుంచి తమ్ముడి ఫోన్ లేదు. దొంగతనం చేస్తూ పట్టుబడినదానిలా నాకు లోలోపల సిగ్గుగా ఉంది. అందులో తప్పేమీ లేదని తెలిసి కూడా ఆ సిగ్గు పోవడం లేదు. మావారు "మనకేం తక్కువైంది, పెట్టేయ్" అంటున్నారు. ఆయన ఇద్దరు చెల్లెళ్లు 2011లో ఇలాగే సంతకాలు పెట్టడానికి వచ్చినప్పుడు వాళ్లకు టిఫిన్లు పెట్టి, చీరలు చేతికిచ్చి పంపింది నేనే. ఆ రోజు నాకు ఏ ప్రశ్నా రాలేదు. ఈ మాట కూడా దాచకుండా చెప్పడం న్యాయమని రాస్తున్నాను.

నా ప్రశ్నలు రెండు. నా వివాహం 2003లో జరిగింది. చట్ట ప్రకారం నాకు రావలసింది ఎంత? చదువుకుని, జీతం తెచ్చుకుంటూ, ఇంటి బాధ్యతల్లో సగానికి పైగా మోస్తున్న మా తరం ఆడవాళ్లం కూడా ఈ ఒక్క చోటికి వచ్చేసరికి మా అమ్మమ్మల కాలంలో ఎందుకు నిలబడిపోతున్నాం?

జవాబు 1: మహిళా న్యాయవాది, గుంటూరు

టీచర్ గారూ, ముందుగా లెక్క చెబుతాను, ఎందుకంటే "వాటా ఉంది" అని తెలిసిన ఆడవాళ్లలో కూడా అది ఎంతో తెలిసినవాళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలా తక్కువ.

తాతగారి నుంచి వచ్చిన మూడెకరాలు అంటే 120 గుంటలు ఉమ్మడి ఆస్తి అనుకుందాం. అందులో మీ నాన్నగారు, మీ తమ్ముడు, మీ అక్క, మీరు నలుగురూ సమాన వాటాదారులు. మన ప్రాంతంలో అనుసరించే పద్ధతిలో ఈ విభజనలో భార్యకు విడిగా వాటా రాదు. కాబట్టి తలకు 30 గుంటలు. నాన్నగారి 30 గుంటలు ఆయన తరువాత అమ్మగారికీ, ముగ్గురు పిల్లలకూ సమానంగా, అంటే ఏడున్నర గుంటల చొప్పున వస్తాయి. ఆయన స్వార్జితమైన 80 గుంటలు కూడా అదే నలుగురికీ 20 గుంటల చొప్పున వస్తాయి. మొత్తం మీద పొలంలో మీ వాటా ఒక ఎకరం పదిహేడున్నర గుంటలు. అక్కకూ అంతే, తమ్ముడికీ అంతే. ఇంట్లో నాలుగో వంతు వేరుగా ఉంటుంది, నాన్నగారు కట్టించినదైతే.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం మారకుండా అలాగే ఉండి ఉంటే ఆ మూడెకరాల్లో మీకు 15 గుంటలు, తమ్ముడికి 75 గుంటలు వచ్చేవి. కొడుకు పుట్టుకతోనే వాటాదారు. కూతురు తండ్రి చనిపోయాక ఆయన వాటాలో మాత్రమే వారసురాలు. ఈ తేడాను తీసివేసి, కూతురిని కూడా పుట్టుకతో వాటాదారుగా గుర్తించిన మొదటి రాష్ట్రం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారి పట్టాయి. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటికీ వర్తించే కేంద్ర సవరణ వచ్చింది. అంతకుముందు మగ వారసులు పంచుకుందామని అనుకునేదాకా ఆడపిల్ల నివాస గృహంలో విభజన అడగడానికి కూడా వీలుండేది కాదు. ఆ 23వ సెక్షన్‌ను కూడా అప్పుడే తొలగించారు. ఆ సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలా అనే వివాదాన్ని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పరిష్కరిస్తూ, హక్కు పుట్టుకతో వచ్చినది కనుక తండ్రి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదని తేల్చింది.

ఇక జాగ్రత్తలు. పాసుపుస్తకంలో తమ్ముడి పేరు ఎక్కినంత మాత్రాన మీ హక్కు పోదు. రిజిస్టరు చేసిన విడుదల దస్తావేజు మాత్రం వేరు. అది మోసంతోనో బలవంతంతోనో రాయించుకున్నదని మీరే కోర్టులో రుజువు చేయాలి, అదీ ఆ సంగతి తెలిసిన మూడేళ్ల లోపు దావా వేయాలి. "ప్రేమగా అడిగితే కాదనలేకపోయాను" అన్నది బలవంతం కిందికి రాదు. అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

ఒక విషయం పక్కన పెట్టకుండా చెప్పాలి. సమానత్వం ఇచ్చామంటున్న ఈ చట్టంలోనే 15వ సెక్షన్ ఇంకా అలాగే ఉంది. భర్తా పిల్లలూ లేని స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే, ఆమె స్వార్జితం మొదట భర్త తరఫు వారసులకు వెళుతుంది; కన్న తల్లిదండ్రుల వంతు ఆ తరువాతే. 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన ఒక కేసులో, పెళ్లయిన మూడు నెలలకే భర్త పాము కాటుతో చనిపోతే అత్తింటివారు గెంటేసిన అమ్మాయిని తల్లిదండ్రులు చదివించారు. ఆమె ఉద్యోగం చేసి కూడబెట్టిన సొమ్ము, ఆమె మరణం తరువాత, ఆ గెంటేసిన ఇంటివారికే దక్కింది. పురుషుడి ఆస్తి విషయంలో ఇలాంటి వరుస లేదు. అతని ఆస్తి ఏనాడూ భార్య పుట్టింటికి పోదు. అందుకే సంపాదించే ప్రతి స్త్రీనీ వీలునామా రాసుకోమని బతిమాలి చెబుతుంటాను.

జవాబు 2: దస్తావేజు లేఖరి, తూర్పు గోదావరి జిల్లా

నేను సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట ఇరవై ఆరేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. అమ్మగారు అడిగిన రెండో ప్రశ్నకు నా కంటితో చూసినదే జవాబుగా చెప్పగలను.

విడుదల దస్తావేజు రాసేటప్పుడు మేము వాడే వాక్యం ఒకటి ఉంది: "నా సోదరుడవైన నీ యందు నాకు గల ప్రేమాభిమానములచేతను, నా వివాహ సమయమున తగినంత కట్నకానుకలు ముట్టియున్నందునను, యే విధమైన ప్రతిఫలమును పుచ్చుకొనక, దిగువ షెడ్యూలు ఆస్తిలో నాకు గల సమస్త హక్కులను నీకు విడుదల చేయడమైనది." ఈ వాక్యాన్ని నేను ఎన్ని వందల సార్లు రాశానో లెక్కలేదు. నమూనాలో అక్షరాలు ఎప్పుడూ ఒకటే. సోదరి పేరు, సోదరుడి పేరు మాత్రం మారతాయి. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల పేరిట విడుదల రాసిన దస్తావేజులు ఈ ఇరవై ఆరేళ్లలో నా చేతి మీదుగా మూడంటే మూడు వెళ్లాయి. ప్రేమాభిమానాలు ఒక వైపు నుంచే ఉండవు కదా అని అప్పుడప్పుడు రాస్తున్న చెయ్యి ఆగేది.

వాళ్లు వచ్చే తీరు కూడా ఒకేలా ఉంటుంది. అన్నగారు కారు మాట్లాడుకుని వస్తారు. అక్కచెల్లెళ్లు వెనక సీట్లోంచి దిగుతారు, ఒడిలో కొత్త చీర ఉన్న సంచి ఉంటుంది. దస్తావేజు చదివి వినిపిస్తానంటే "ఎందుకండీ, మా అన్నయ్య చూసుకున్నాడు" అంటారు. నేను అయినా చదువుతాను. సర్వే నంబరు, విస్తీర్ణం, ప్రభుత్వ విలువ దగ్గరికి వచ్చేసరికి కొందరి ముఖం మారుతుంది. వదులుకుంటున్నది ఇంత అని వాళ్లకు తెలిసేది ఆ క్షణంలోనే. ఒకావిడ, బ్యాంకులో అధికారిగా పని చేస్తున్నారట, ఆ అంకె విని రెండోసారి చదవమన్నారు. చదివాను. ఆవిడ అన్నగారి వైపు చూశారు, అన్నగారు గోడ గడియారం వైపు చూశారు. ఆ తరువాత ఆవిడ వేలిముద్ర వేసి సంతకం పెట్టారు. పది పేజీల అప్పు పత్రం చదవకుండా ఎవరికీ సంతకం పెట్టనివ్వని ఉద్యోగం ఆవిడది.

చదువు లేకపోవడం వల్ల ఇది జరగడం లేదు. కాగితం మీద కనబడేది ఆస్తి ఒక్కటే; దాని వెనక పుట్టింటి గడప ఉంటుంది. సంతకం పెట్టకపోతే ఆ గడపకు దూరమవుతామన్న భయం అక్కచెల్లెళ్లకే ఉంటుంది. అన్నదమ్ములకు ఆ భయం ఉండదు, ఎందుకంటే ఇల్లు వాళ్లదేనని అందరూ ముందే ఒప్పేసుకున్నారు. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అనే మాట మన ఊళ్లలో చిన్నపిల్లల ముందే అంటారు.

జవాబు 3: రైతు, ప్రకాశం జిల్లా

అన్నదమ్ములందరినీ ఒకే గాటన కట్టవద్దని కోరుతున్నాను. నాకు రెండున్నర ఎకరాలు, ముగ్గురు అక్కలు. వాళ్ల పెళ్లిళ్లకు నాన్న చేసిన అప్పును ఆయన పోయాక పదకొండేళ్లు నేనే తీర్చాను. రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయాయి. ఈ కాస్త చెక్కను నాలుగు ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదు. అక్కలు ముగ్గురూ పట్నాల్లో ఉన్నారు, వాళ్లకు పొలం గట్టు ఎటు ఉందో కూడా గుర్తుండదు. నేను వాళ్ల మీద ప్రేమ లేక ఈ మాట అనడం లేదు.

జవాబు 4: న్యాయవాది, గుంటూరు

రైతు సోదరుడికి: మీ కష్టం నిజం. అయితే హక్కు వేరు, సాగు వేరు. అక్కల పేర్లు రికార్డులో ఉంచి, పొలం మీరే కౌలుకు చేసుకోవచ్చు. తీర్చిన అప్పును లెక్క కట్టి, ఆ మేరకు వాళ్ల వాటాల్లో సర్దుబాటు చేయమని అడగవచ్చు. అలా అడిగితే అది పంపకం అవుతుంది. అడగకుండా మొత్తం రాయించుకోవడం పంపకం కాదు. కమతాలు చిన్నవైపోతాయన్న వాదన ముగ్గురు అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఎవరి నోటా రాదు, ఆడపిల్ల అడిగినప్పుడే గుర్తుకు వస్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో స్త్రీల పేరిట ఉన్న సాగు కమతాలు దాదాపు 14 శాతమే. నాటు, కలుపు, కోత పనుల్లో వంగిన నడుములు ఎవరివో మీకు నేను చెప్పనక్కరలేదు. పేరు లేని రైతుకు పంట రుణం దొరకడమూ కష్టమే, తెలంగాణలో 2018 నుంచి పాసుపుస్తకం చూసి ఇచ్చిన పెట్టుబడి సాయమూ రాలేదు.

జవాబు 5: సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డాలస్ (స్వస్థలం కృష్ణా జిల్లా)

నేను సంతకాలు పెట్టించుకున్నవాడిని. అందుకే రాస్తున్నాను.

మాకు ఇద్దరు అక్కలు. 2014 మార్చిలో నేను సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు వాళ్లిద్దరూ వచ్చి విడుదల దస్తావేజు రాసి ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో రాజధాని విజయవాడ ప్రాంతంలో వస్తుందని ప్రకటించారు, మా వైపు పొలాల ధరలు చూస్తుండగానే మారిపోయాయి. అక్కలు ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. నాకు ఆ మౌనం సౌకర్యంగా ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"కట్నం ఇచ్చాం కదా" అనే మాటను నేనూ నమ్మాను. తరువాత ఒక రాత్రి కూర్చుని కాగితం మీద వేసి చూశాను. పెద్దక్క పెళ్లి 1997లో. మూడు లక్షల నగదు, ఇరవై కాసుల బంగారం. కట్నం ఇవ్వడం 1961 నుంచి దేశమంతటా నేరం, మన రాష్ట్రంలో అంతకుముందు 1958లోనే చట్టం ఉంది. ఆ సంగతి పక్కన పెట్టినా, ఆ మూడు లక్షలు అక్క చేతికి ఒక్క రోజు కూడా రాలేదు. అవి మా బావగారి చెల్లెలి పెళ్లికి కట్నంగా వెళ్లాయి. బంగారం వాళ్ల వ్యాపారంలో కరిగిపోయింది. అదే నాన్నగారు నా ఇంజనీరింగ్‌కు మేనేజ్‌మెంట్ సీటు కొన్నారు, అమెరికా పంపడానికి అరెకరం అమ్మారు. ఆ డబ్బును ఇంతవరకు ఎవరూ నా వాటాలోంచి తీసివేయలేదు. నాకు పెట్టినది చదువు అయింది, అక్కకు పెట్టినది ఆస్తి పంపకం అయింది. ఒకే తండ్రి, ఒకే జేబు.

"తల్లిదండ్రులను చూసుకునేది కొడుకే" అన్నది రెండో మాట. నేను ఎనిమిది వేల మైళ్ల అవతల ఉన్నాను. అమ్మకు తుంటి ఎముక విరిగినప్పుడు ఆస్పత్రిలో నలభై రోజులు పక్కన ఉన్నది చిన్నక్క. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కొడుకునూ కూతురినీ ఒకే వరుసలో బాధ్యులను చేసింది. బాధ్యత సమానంగా పంచుకున్నవాళ్లకు ఆస్తి దగ్గర మాత్రం బంధుత్వం గుర్తు చేశాం.

2022లో ఇండియా వచ్చి ఇద్దరి పేరిటా చెరొక ఎకరం దాన సెటిల్‌మెంటు రాస్తానన్నాను. చిన్నక్క ఒప్పుకుంది. పెద్దక్క ఒప్పుకోలేదు. "ఇది నువ్వు నాకు ఇస్తున్నట్టు ఉందిరా, నాది నాకు వస్తున్నట్టు లేదు" అంది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. టీచర్ గారూ, మీ తమ్ముడికి ఈ స్థితి రాకుండా ఆపగలిగేది మీరొక్కరే. మీరు అడగడం అతనికి మీరు చేసే అపకారం అని దయచేసి అనుకోవద్దు.

జవాబు 6: గృహిణి, నెల్లూరు జిల్లా

టీచరమ్మా, నా వయసు అరవై నాలుగు. నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను, తప్పులుంటే మా మనవరాలు దిద్దింది.

నా పెళ్లి 1983లో, మా చెల్లెలి పెళ్లి 1988లో జరిగాయి. 1985 సెప్టెంబరుకు ముందే పెళ్లయిన కూతుళ్లకు మన రాష్ట్ర చట్టం వర్తించలేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు ఆడపిల్లల్లో చెల్లెలికి హక్కు ఉంది, నాకు లేదు అన్నారు. 2005లో వచ్చిన చట్టం నాకూ ఇచ్చింది గానీ, మా నాన్న 1998లోనే పోయారు కాబట్టి చెల్లదని 2015లో వచ్చిన తీర్పు చూపించారు. 2020 తీర్పు తరువాత కానీ నాకు ఆ అడ్డు తొలగలేదు. అంటే నా హక్కు ఏమిటో తేలడానికి నా జీవితం మొత్తం పట్టింది.

1992లో మా జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించినప్పుడు మా ఊళ్లోనూ మేం చీపుళ్లు పట్టుకుని వీధిలోకి వచ్చాం. కాంట్రాక్టరు మనుషులకు భయపడలేదు, పోలీసులకు భయపడలేదు. మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. అంత చేసినదాన్ని, తమ్ముడి ఎదుట నిలబడి "నా భాగం ఏదిరా" అనడానికి ఇంకో ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది. పరాయివాడితో కొట్లాట ఒక రకం, అన్నం ముద్ద కలిపి పెట్టిన పిల్లవాడితో ఇంకో రకం.

2021లో అడిగాను. నోటి మాటగా ఎప్పుడో పంచుకున్నామని అన్నారు. అలాంటి నోటి పంపకాన్ని గట్టి పత్రాల ఆధారం లేకుండా కోర్టు ఒప్పుకోదని మా అబ్బాయి వకీలు దగ్గర కనుక్కుని వచ్చాడు. దావా దాకా పోకుండా పెద్దమనుషుల్లో నాకు అరెకరం రాసి ఇచ్చారు. రావలసినదాని కన్నా తక్కువే. చెల్లెలు ధైర్యం చేయలేక సంతకం పెట్టేసింది. నాలుగేళ్లుగా సంక్రాంతికి దాన్ని పిలుస్తారు, నన్ను పిలవరు. పండగ నాడు దిగులుగా ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను.

ఆ పాసుపుస్తకం వచ్చిన రోజు దాన్ని తెరిచి చూసుకున్నాను. లోపల నా ఫోటో, నా పేరు ఉన్నాయి. రేషన్ కార్డులోనూ ఓటు కార్డులోనూ ఫలానావారి భార్య అని ఉంటుంది. ఇందులో భూమికి హక్కుదారు అని ఉంది. కౌలు డబ్బు ఏడాదికి ఒకసారి నా ఖాతాలో పడుతుంది. మొన్న నా కంటి ఆపరేషన్‌కు ఎవరినీ అడగలేదు.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలు

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ రెండు రోజులు చదువుకున్నాను. మీ సేవా కేంద్రానికి వెళ్లి పొలానికి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించాను. రిజిస్ట్రేషన్ ఇప్పుడు పెట్టుకోవద్దని, ఉగాది తరువాత అమ్మ సమక్షంలో నలుగురం కూర్చుని వాటాలు వేసుకుందామని, సాగు నువ్వే చేసుకోవచ్చునని తమ్ముడికి ఉత్తరంలా రాసి పంపాను. ఫోన్‌లో మాట్లాడితే నేను వెనక్కి తగ్గుతానని నాకు తెలుసు. ఇంకా జవాబు రాలేదు.

నిన్న రాత్రి అక్కకు ఫోన్ చేసి న్యాయవాది గారు చెప్పిన లెక్క చదివి వినిపించాను. ఒక ఎకరం పదిహేడున్నర గుంటలు అనేసరికి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "నాకూ అంతేనా?" అని అడిగింది. అంతే అన్నాను. కాగితం తెచ్చుకుంటాను ఉండమని, మళ్లీ మొదటి నుంచి చెప్పమంది.

మా ఆడపడుచుల సంగతి మావారి దగ్గర ఎత్తాను. ఆయన భోజనం మధ్యలో ఆగిపోయి, అది అయిపోయిన విషయం కదా అన్నారు. కాదని చెప్పాను. ఆదివారం వాళ్లిద్దరినీ ఇంటికి రమ్మన్నాను.